చలికోట్ల గది పిల్ల

టాల్బర్డ్ దీవి బడిలో ఒక దెయ్యం ఉందని అక్కడ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కింది అంతస్తులో చివరి క్లాసు, దాని వెనక గోడకి ఒక చిన్న తలుపు, ఆ తలుపు వెనక చలికోట్లు తగిలించుకునే ఇరుకు గది. అందులో ఉంటుందట. హాజరు పిలిచేటప్పుడు ఆఖరి పేరు కూడా అయిపోయాక చెవి పెట్టి వింటే, "ఉన్నానండీ" అని ఒక సన్నటి గొంతు వినిపిస్తుందట. పడవ బోల్తాపడి పోయిన పిల్ల అని కొందరు, జ్వరమొచ్చి పోయిన పిల్ల అని కొందరు. పిల్ల చచ్చిపోయిందన్న సంగతిలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

లువీనియా పోలైట్‌కి ఆ కథ చెవిన పడినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఆ పిల్ల చావలేదు. అరవై ఆరేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, తన ఇంటి వరండాలో కూర్చుని చేపలు తోముకుంటోంది. ఈ మాట ఎవరితో అన్నా ముసలిదానికి మతి చలించిందంటారని నోరు మూసుకుంది.

ముప్పై ఏళ్ళు ఆ బడి బస్సు నడిపింది లువీనియా. దీవి మొత్తానికి ఆమె మిస్ లువ్. తుఫాను రోజుల్లో రోడ్డు మీదికి ఉప్పునీళ్ళు ఎక్కినా పిల్లల్ని గుమ్మం దాకా చేర్చిన మనిషి. కానీ ఒక చాదస్తం ఉండేది. సాయంత్రం బడి వదిలాక, పిల్లలంతా ఎక్కి కూర్చున్నాక, తలుపు మూసి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేది. "బటన్, వస్తున్నావా?" "వస్తున్నా!" "గొంగళీ, వస్తున్నావా?" "వస్తున్నా!" ఒక్కడు పలక్కపోయినా బండి కదలదు. నిద్రపోతే లేపించేది, అలిగి కూర్చుంటే బతిమాలేది. ఈలోగా మిగతా బస్సులు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయేవి. మిస్ లువ్ బస్సెక్కితే మీసాలొచ్చాకే ఇల్లు చేరతామని మగపిల్లలు ఏడిపించేవారు.

అది ఆమె పుట్టించిన చాదస్తం కాదు. దీవి మీద నల్లవాళ్ళ ఇళ్ళలో చిన్నపిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళినా, తిరిగొచ్చేటప్పుడు పేరు పెట్టి పిలిచి మరీ తీసుకొస్తారు. చర్చి నుంచైనా, చుట్టాలింటి నుంచైనా, సమాధుల దగ్గర నుంచైతే చెప్పనే అక్కర్లేదు. పిలవకపోతే ఒళ్ళు ఇంటికొస్తుంది, లోపల ఉండేది అక్కడే ఆడుకుంటూ ఉండిపోతుంది. పిలిచే పేరు కూడా బళ్ళో రాయించే పేరు కాదు. పుట్టిన కొత్తలో బుట్టలో పడుకోబెట్టినప్పుడు ఇంటివాళ్ళు పెట్టే పేరు, బుట్టపేరు. లోపలిది దానికే పలుకుతుంది. అందుకే బడి తెరిచిన మొదటి రోజు ప్రతి పిల్లనీ బస్సు మెట్టు మీద ఆపి లువీనియా ఒకే ప్రశ్న అడిగేది: "ఇంట్లో నీ పేరేంటి?"

ఆమె బుట్టపేరు మాత్రం ఎవరికీ తెలీదు. కట్టుకున్నవాడు కూడా తెలుసుకోకుండానే పోయాడు.

ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లో అందరికీ వింతగా ఉండేది. గేటు దాటే ముందు డ్రైవర్లంతా రేడియోలో "అందరూ ఎక్కారు" అని చెప్పాలి. అది రూలు. లువీనియా "బయల్దేరుతున్నా" అనేది. డిపోలో ఆఫీసరు ఎన్నిసార్లు గొణిగినా ఆ రెండు మాటలూ ఆమె నోటెంట రాలేదు. ఎలా వస్తాయి? పిల్లలంతా పలికాక, అలవాటుగా అద్దంలోకి చూసేది. అద్దంలో బడి కింది అంతస్తు చివరి కిటికీ కనిపించేది. ఆ కిటికీలో గాజు వెనక, ఎర్ర రిబ్బను కట్టుకున్న పిల్ల ఒకతి నిలబడి బస్సువంక చూస్తుండేది. ఒకరోజు ఎండ మెరుపేమో అనుకునేది. ఒకరోజు కళ్ళు మూసుకుని గేరు వేసేది. దేవుడి ముందు అబద్ధం ఆడలేక రేడియోలో వేరే మాట చెప్పేది.

దీవిలో ప్రతి వరండా పైకప్పుకీ నీలం రంగు వేస్తారు, దెయ్యాలు గడప దాటకుండా. లువీనియా ఇంటి వరండాకి మాత్రం తెల్ల సున్నం. ఇరుగుపొరుగు అడిగితే డబ్బా రంగులు వెలిసిపోతాయనేది. అసలు సంగతి వేరు. ఎప్పటికైనా ఆ పిల్ల దారి వెతుక్కుంటూ వస్తే, తన ఇంటి గుమ్మంలోనే ఆగిపోకూడదు.

మే నెలలో ఒక సాయంత్రం కూతురి కూతురు కెజాయా బడి నుంచి వచ్చింది. పదహారేళ్ళది. నోట్లో మాట ఆగదు. సంచీ వరండాలో పడేసి, చేపల పళ్ళెం పక్కన కూలబడింది.

"అమ్మమ్మా, ఈ బుధవారం నువ్వు రావాలి. మేం మాటిచ్చేశాం."

"ఎవరికిచ్చారు? నన్నడిగి ఇచ్చారా?"

బుధవారం గుంపు సంగతి లువీనియాకి తెలుసు. చివరి గంట కొట్టాక పదిమంది దాకా పిల్లలు ఒక క్లాసులో కూర్చుని, పుస్తకాల్లో లేని తమ చరిత్ర మాట్లాడుకుంటారు. ఈ దీవిని దున్నింది ఎవరు, దున్నినవాళ్ళ పిల్లలకి బడి ఎందుకు లేకపోయింది, ఇప్పటికీ గొడవ చేశారని ఆఫీసు గదికి పంపేది ఎక్కువగా ఎవరిని? ఈ మధ్య పైవాళ్ళ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది, ఏ విద్యార్థి మనసూ నొచ్చుకునే పాఠాలు చెప్పకూడదని. అప్పట్నుంచి వాళ్ళ మాస్టారు ఫెల్డర్ తలుపు బార్లా తీసిపెట్టి, ఒక మూల కూర్చుని, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ చెవిటివాడిలా నటిస్తున్నాడు.

"పోయిన వారం గొడవగొడవైంది," అంది కెజాయా. "ఆనలీ అని కొత్తగా చేరింది. తెల్లపిల్ల. ఇన్నాళ్ళూ ఊరవతల డబ్బున్నవాళ్ళ బళ్ళో చదివింది. వాళ్ళమ్మమ్మ ఈ బళ్ళోనే ఒకటో క్లాసట. అప్పట్లో ఒకే ఒక్క నల్లపిల్ల ఉండేదట, సిగ్గెక్కువై తనే వెళ్ళి కోట్ల గదిలో కూర్చునేదట. ట్రెమెయిన్ ఊరుకుంటాడా? 'మీ అమ్మమ్మ కథలు బాగా చెప్తుందే' అన్నాడు. అది ఏడుపు మొదలెట్టింది."

లువీనియా చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఇంకా వినూ. ఆ కోట్ల గది కూడా ఉండదిక. సెలవులివ్వగానే గోడ కొట్టేసి క్లాసు పెద్దది చేస్తారట. పాపం, దెయ్యానికి కొంప పోయింది."

నవ్వుతూ తలెత్తిన కెజాయా, అమ్మమ్మ మొహం చూసి నవ్వు ఆపేసింది.

"నేను ఆ గడప తొక్కను," అంది లువీనియా.

"ముప్పై ఏళ్ళు గేటు దాకా వెళ్ళావు, ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదా? బాత్రూంకైనా?"

"రోడ్డవతల చర్చి ఉంది కదటే, దానికేం వచ్చింది?"

మాట అలా తేలిగ్గా తోసేసింది గానీ, సగం తోమిన చేపల్ని అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఎర్రన్నం వండి, ఒక్క ముద్ద కూడా దిగక, పళ్ళెం పక్కన పెట్టేసింది. గోడ పడగొడితే ఆ పిల్ల ఎక్కడుంటుంది? కనీసం ఇన్నాళ్ళూ ఫలానా చోట ఉందని తెలుసు. రేపు ఆ చోటు కూడా లేకపోతే ఇటుకల్లో, దుమ్ములో, ఏ లారీలోనో వెళ్ళి ఎక్కడో పడుతుంది. తను చచ్చాక అమ్మ పక్కన పూడ్చేది సగం మనిషినే. చావుకన్నా ఆ ఊహే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

పంతొమ్మిది వందల అరవై ఐదులో, లువీనియాకి ఆరేళ్ళప్పుడు, తెల్లపిల్లల బడిలో నల్లపిల్లలు కూడా కావాలంటే చేరొచ్చని గవర్నమెంటు చెప్పింది. కావాలనే ధైర్యం దీవి మొత్తంలో ఒక్క ఇంటికే వచ్చింది. లువీనియా తల్లి రోజెటా పీతల ఫ్యాక్టరీలో గుల్లలొలిచే మనిషి. కూతురు తనలా వేళ్ళు కోసుకోకూడదని దరఖాస్తు పెట్టింది. ఒకటో క్లాసు టీచరమ్మ హార్ట్‌సెల్ మెత్తటి మనిషి. పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, కోట్ల గదిలో వేసి ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది. తలుపు జానెడు తీసి ఉంచేది, పాఠం వినిపించాలి కదా. శీతాకాలం తడికోట్లు మొహం మీద వేలాడేవి. హాజరు అందరిదీ అయ్యాక చివర్న "లువీనియా" అనేది టీచరమ్మ. కోట్ల వెనక నుంచి పిల్ల "ఉన్నానండీ" అనేది. ఏడాదంతా ఆ గదిలో ఆమె పలికింది ఆ ఒక్క మాటే.

రోజూ సాయంత్రం అమ్మమ్మ డాఫ్నీ వచ్చి రోడ్డు పక్కన నిలబడేది. ఆవిడకి భయమూ భక్తీ రెండూ దేవుడి దగ్గరే. ఎవరు వింటున్నా లెక్కచెయ్యకుండా గొంతెత్తి బుట్టపేరుతో పిలిచి తీసుకెళ్ళేది. బడి ఆఖరి రోజున ఆవిడ జ్వరంతో పడిపోయింది. రోజెటా వచ్చింది. గేటు బయట తెల్లవాళ్ళ కార్లు బారులు తీరి ఉన్నాయి. వాటిలో ఒక దాంట్లో ఫ్యాక్టరీ యజమాని భార్య. బుట్టపేరు బయటివాళ్ళ చెవిన పడనివ్వకూడదని ఆ రోజుల్లో గట్టి నమ్మకం. తెల్లవాళ్ళ చెవిన పడితే దాన్ని కూడా తీసేసుకుంటారని, వెటకారం చేసి పాడుచేస్తారని రోజెటా భయం. అందుకని "లువీనియా, పద" అంది, కాగితాల మీద పేరుతో.

ఒళ్ళు ఇంటికొచ్చింది. ఆ వేసవంతా పిల్ల నోరు విప్పలేదు, నవ్వలేదు, పీతల పులుసు ముందు పెట్టినా చూసేది కాదు. జ్వరం తగ్గి లేచిన డాఫ్నీ మనవరాలి కళ్ళలోకి చూసి, "ఏ పేరు పెట్టి పిలిచావే దీన్ని?" అని కూతుర్ని అడిగింది. రోజెటా చెప్పలేక చెప్పింది. మర్నాడే రోజెటా గేటు దగ్గరికి పరుగెత్తింది. ఆమె నోరు తెరవకముందే కాపలావాడు బడి మూసేశారు పొమ్మని తరిమేశాడు. తర్వాత ఏడాది పిల్లని పాత నల్లవాళ్ళ బడికే పంపారు. మెల్లగా మాటలొచ్చాయి, ఆటలొచ్చాయి, పెళ్ళి, పిల్లలు, బస్సు, అన్నీ వచ్చాయి. రోజెటా పోయేముందు కూతురి చెయ్యి పట్టుకుని, "నిన్ను అక్కడే వదిలేసొచ్చానే తల్లీ" అంది. తన పేరు తనే పెట్టి పిలుచుకుంటే ఎవరూ రారు. ఆ పేరు తెలిసి పిలవగలిగిన ఇద్దరూ చర్చి వెనక, ఆల్చిప్పలు పేర్చిన మట్టి కింద ఉన్నారు.

మంగళవారం పొద్దున కెజాయా బూట్లు తొడుక్కుంటుంటే, "ఎన్నింటికి రావాలి?" అంది లువీనియా.

బుధవారం ఆదివారపు టోపీ పెట్టుకుని, బడి మెట్లెక్కింది. వసారా పొడుగునా మనవరాలి మోచెయ్యి వదల్లేదు. కొత్త రంగు, కొత్త దీపాలు, వాసన మాత్రం అదే. తడి ఉన్నికోటు వాసన. మే నెల ఎండలో అది ఎక్కణ్ణుంచి వస్తోందో ఆమెకి తెలుసు.

కింది అంతస్తు చివరి క్లాసులో పిల్లలు కుర్చీలు గుండ్రంగా వేశారు. మూల ఫెల్డర్ మాస్టారు లేచి దణ్ణం పెట్టినంత పని చేసి, మళ్ళీ పేపర్లలో తల దూర్చాడు. పొడుగ్గా సాగిపోయిన ట్రెమెయిన్‌ని లువీనియా చూడగానే గుర్తుపట్టింది. చిన్నప్పుడు ఆమె బస్సులో వాడి బుట్టపేరు గొంగళి.

"ఏరా గొంగళీ, సీతాకోకచిలుక ఎప్పుడవుతావు?"

గుంపంతా గొల్లుమంది. వాడి చెవులు కందిపోయాయి. "మిస్ లువ్, ప్లీజ్, ఇక్కడ నాకో పరువుంది," అన్నాడు.

ఆ నవ్వులో ఆనలీ ఒక్కతే కలవలేదు. జడ చివర కొరుక్కుంటూ, చివరి కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. నవ్వు ఆగాక, నేలవంక చూస్తూ అడిగింది. "మా అమ్మమ్మ చెప్పిన అమ్మాయి... మీరేనా అండీ? నిజంగా మీకు సిగ్గయ్యే అక్కడ కూర్చున్నారా?"

"సిగ్గే," అంది లువీనియా. "ఇల్లు దాటితే నాకు నోరు లేచేది కాదు. కానీ ఆ కుర్చీ నేను తెచ్చుకోలేదమ్మా. నేను వచ్చేసరికే వేసి ఉంది."

లువీనియా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నన్నెవరూ కొట్టలేదు. పాఠం వినిపించాలని తలుపు జానెడు తీసి ఉంచేవారు. టీచరమ్మ శుక్రవారం శుక్రవారం పిప్పరమెంటు ఇచ్చేది. జలుబు చేస్తే తన చేతిరుమాలు ఇచ్చింది."

"అయితే ఆవిడ మంచిదా, చెడ్డదా?" అంది ఆనలీ. గొంతులో ఆశ తెలుస్తూనే ఉంది.

"మంచిదైతే ఏంటి, చెడ్డదైతే ఏంటి?" కెజాయా అందుకుంది. "ఆవిడ పోయి ఇంకొకావిడ వచ్చినా కుర్చీ అక్కడే ఉండేది. అదే కదా మేం ఇన్నాళ్ళుగా మొత్తుకునేది? ఒకళ్ళ మనసులో విషం ఉంటేనే తప్పు జరగాలా? మంచివాళ్ళంతా కలిసి, ఎవరి పని వాళ్ళు చక్కగా చేసుకుంటూ కూడా ఒక పిల్లని కోట్ల వెనక పెట్టగలరు."

"మరి మా అమ్మమ్మ?" అంది ఆనలీ. "ఆవిడకి ఆరేళ్ళే. ఆవిడేం చెయ్యగలదు?"

"ఆరేళ్ళప్పుడు ఏమీ చెయ్యలేదు, సరే," అన్నాడు ట్రెమెయిన్. "అరవై దాటాక కూడా సిగ్గు కథే చెప్తోందిగా. తలుపు ఇంకా జానెడే తీసింది."

ఆనలీ కళ్ళు నిండాయి కానీ లేచి వెళ్ళలేదు. మూల పేపర్లు దిద్దుతున్న ఎర్ర కలం చాలాసేపటి నుంచి కదలడం లేదని లువీనియా గమనించింది.

"మీరంతా దెయ్యం దెయ్యం అంటారే," అందామె, "అది చచ్చిన పిల్ల కాదు. నేనే." అని, అంతవరకూ ఎవరికీ చెప్పనిదంతా చెప్పేసింది. రోడ్డు మీద డాఫ్నీ, కార్ల ముందు రోజెటా, కాగితం పేరు, ముప్పై ఏళ్ళ అద్దం. చెప్తున్నంతసేపూ వెనక గోడకున్న చిన్న తలుపు వంక చూడలేదు. ఈ కాలం పిల్లలు, నవ్వుతారేమో అనుకుంది. దీవి పిల్లలు నవ్వలేదు. వాళ్ళలో ప్రతి ఒక్కరినీ ఎవరో ఒకరు, ఎక్కణ్ణుంచో ఒక చోటి నుంచి, పేరు పెట్టి ఇంటికి పిలుచుకొచ్చారు.

ట్రెమెయిన్ లేచి వచ్చి ఆమె కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. వెటకారం ఎక్కడికి పోయిందో పోయింది.

"మిస్ లువ్, మొదటి రోజు బస్సు మెట్టు మీద నన్నొకటి అడిగారు. ఇప్పుడు నేనడుగుతున్నా. ఇంట్లో మీ పేరేంటి?"

లువీనియా నోరు తెరిచింది. పేరు రాలేదు. ఈ బడి గేటు బయట కూడా పలకకూడదని అమ్మ దాచిన పేరు. అలా దాచినందుకే అమ్మ బతుకంతా కుమిలింది. ఎదురుగా తెల్లపిల్ల కూర్చుని ఉంది.

ఆనలీకి అర్థమైంది. కుర్చీ చప్పుడవకుండా లేచి, "నేను బయట ఉంటానండీ" అంది.

ఆమె గుమ్మం దాకా వెళ్ళింది. లువీనియా గట్టిగా, బస్సులో పిలిచే గొంతుతో పిలిచింది. "ఇలా రా, కూర్చో. ఆ రోజు మీవాళ్ళు వింటారనే మా అమ్మ నన్ను పిలవలేకపోయింది. ఇప్పుడు నువ్వు వింటుండగానే పిలవాలి."

అందరూ చలికోట్ల గది ముందు నిలబడ్డారు. తలుపు జానెడు తీసి ఉంది. కెజాయా దాన్ని బార్లా తెరిచింది. లోపల ఖాళీ కొక్కేలు, విరిగిన చీపురు, చీకటి. తడికోట్ల వాసన ఒక్కసారిగా మొహానికి కొట్టింది. లువీనియా గుమ్మం పట్టుకుని, మనవరాలి చెవిలో కాకుండా, అందరికీ వినిపించేలా చెప్పింది.

"కూటా. మా పాత మాటల్లో తాబేలని. నడక ఆలస్యంగా వచ్చిందని మా అమ్మమ్మ పెట్టింది."

ఇంకెప్పుడైనా అయితే ట్రెమెయిన్ ఆ పేరుని వారం రోజులు వదిలిపెట్టేవాడు కాదు. వాడే ముందు పిలిచాడు. "కూటా! వస్తున్నావా?" తర్వాత కెజాయా. తర్వాత అందరూ. అన్నిటికన్నా చివర, ఆనలీ గొంతు. "కూటా, పద, ఇంటికి."

"వస్తున్నా," అంది లువీనియా.

ఆ గొంతు ఆమెది కాదు. సన్నగా, ఆరేళ్ళ గొంతులా ఉంది. గదిలో కొక్కేలు ఒకదాని తర్వాత ఒకటి చిన్నగా కదిలి ఆగాయి, ఎవరో తలతో రాసుకుంటూ వస్తున్నట్టు. గాలేమో మరి, కిటికీలు మాత్రం మూసే ఉన్నాయి. ఫెల్డర్ మాస్టారు ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఎవరూ ఎవరి వంకా చూసుకోలేదు. మెట్లు దిగేదాకా లువీనియా ఎడం చెయ్యి కొంచెం కిందికి చాపే ఉంచింది, చిన్నపిల్లని పట్టుకుని నడిపిస్తున్నట్టు.

కారు కెజాయా నడుపుతోంది. కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్ల. ఇంజను తిప్పి, గేటు వైపు మలపబోతే లువీనియా ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఆగు."

అద్దం తనవైపు తిప్పుకుంది. బడి, కింది అంతస్తు, చివరి కిటికీ. సాయంత్రం ఎండ గాజు మీద పడి, లోపలి ఖాళీ కుర్చీల దాకా కనిపిస్తోంది. చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఏంటమ్మమ్మా? ఎవరైనా మిగిలిపోయారా?"

"లేదు," అంది లువీనియా. "అందరూ ఎక్కారు. పోనియ్."